పోపుల పెట్టెలో పసుపు, సీసాలో పసుపు

ఆరోగ్యం మీద నాలుగు పేజీలు రాసి ఇమ్మని సంపాదకులుగారు అడిగి ఆరు నెలలు దాటింది. బి.పి. గురించి రాద్దామా, షుగరు గురించి రాద్దామా అని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండూ కాదు. నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. మన సంఘంలో కొందరికి అది పూర్తిగా తెలుసు, మరికొందరికి సగం సగం తెలిసి ఇంకో రకంగా ప్రచారంలో ఉంది. కనుక నేనే చెప్పడం మంచిది. ఎవరికి జరిగిందో ఆవిడ ఈ కాగితాలు ముందే చదివి, "పేరు మాత్రం వెయ్యకు తమ్ముడూ, మిగతాదంతా రాయి" అన్నారు. కాబట్టి ఇక్కడ ఆవిడని అక్కయ్యగారనే అంటాను.

2025 సంక్రాంతికి మనం కలిసినప్పుడు భోజనాల వరసలో అక్కయ్యగారు నా వెనక నిలబడ్డారు. ఆవిడకి యాభై అయిదు దాటాయి, మోకాళ్ళ నొప్పులు. "తమ్ముడూ, మా అబ్బాయి పసుపు మాత్రలు తెచ్చిచ్చాడు. మోకాళ్ళకి మంచివట, లివరుకి కూడా మంచివట. వేసుకోనా?" అని అడిగారు. నా చేతిలో పళ్ళెం, ధ్యాసంతా గారెల మీద. "పసుపే కదా అక్కయ్యా, ఏమవుతుంది? వేసుకోండి" అన్నాను. ఎన్ని మిల్లీగ్రాములని గాని, అందులో ఇంకేం కలిపారని గాని అడగలేదు. ఆవిడ ఏదైనా ఇంగ్లీషు మందు పేరు చెప్పి ఉంటే సీసా చూడకుండా జవాబు చెప్పేవాణ్ణి కాదు.

ఎందుకు అడగలేదా అని తరవాత చాలాసార్లు ఆలోచించాను. మాది తెనాలి పక్క పల్లెటూరు. దుగ్గిరాల పసుపు యార్డు మాకు దగ్గర. తవ్వకాలు అయ్యాక దుంపలు ఉడకబెట్టే వాసన ఊరంతా పట్టేసేది. కొమ్ము వేరు, కాయ వేరు చేసి కళ్ళాల్లో ఎండబోసేవారు, మేము వాటి మధ్య పరుగులు పెట్టి తిట్లు తినేవాళ్ళం. కాలు తెగితే పసుపు అద్దేవారు, జలుబు చేస్తే పాలల్లో పసుపూ మిరియాల పొడీ వేసి తాగించేవారు. గడపకీ పసుపే, పెళ్ళికూతురికీ పసుపే. గుంటూరు మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి పాసయ్యాను గాని, నా బుర్ర పసుపుని ఆ పుస్తకంలో చేర్చుకోలేదు. అది మా నాయనమ్మ ఖాతాలోది.

ఈ నమ్మకానికి తోడు కొంత అభిమానం కూడా ఉంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడటం తమ కనిపెట్టుడని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రం 1995లో ఈ దేశంలో పేటెంటు తీసుకుంటే, మన సి.ఎస్.ఐ.ఆర్. వారు పాత గ్రంథాలూ, 1953 నాటి వైద్య పత్రికలో వచ్చిన వ్యాసమూ చూపించి 1997లో దాన్ని రద్దు చేయించారు. (ఆ పేటెంటు తీసుకున్నవాళ్ళు మన దేశం నుంచి వచ్చినవాళ్ళే అన్నది ఎవరూ అంతగా చెప్పుకోరు.) మంచి పని, గెలవవలసిన కేసు. అయితే అక్కడ వాదన గాయం మీద చల్లే పొడి గురించి. మూడు నెలలపాటు రోజూ మింగే మాత్ర గురించి ఆ తీర్పు ఏమీ చెప్పలేదు. మనం మాత్రం ఆ గెలుపుని మాత్రకి కూడా వర్తింపజేసుకున్నాం.

ఉగాదికి అక్కయ్యగారు రాలేదు. ఆకలి లేదనీ, తిన్నది తిప్పుతోందనీ, ఒళ్ళంతా దురదగా ఉందనీ బావగారు ఫోనులో చెప్పారు. ఏదో ఫ్లూ అనుకున్నాం. మూడో రోజున మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో వస్తోందన్నారు. వెంటనే వెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెట్టి కళ్ళు చూశాను. పచ్చకామెర్లు. చూడగానే తెలిసిపోయేంతగా ఉన్నాయి.

ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్పించాం. లివరు కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఏ.ఎల్.టి. అనే ఎంజైము మామూలుగా 40 లోపు ఉండాలి. ఆవిడకి 1,400 దాకా ఉంది. 1 చుట్టుపక్కల ఉండవలసిన బిలిరుబిన్ 9 ఉంది. హెపటైటిస్ ఏ, బి, సి, ఇ అన్నీ చూశారు, ఏదీ కాదు. పిత్తాశయంలో రాళ్ళు లేవు. ఆవిడ మద్యం ముట్టరు. ఒక పరీక్షలో మాత్రం శరీరం తన మీద తనే తిరగబడే రకం యాంటీబాడీలు కొద్దిగా కనిపించాయి. ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ కావచ్చు, లివరు ముక్క తీసి చూద్దాం, స్టెరాయిడ్లు మొదలు పెడదాం అనే మాట వచ్చింది. ఆ సమయానికి ఇండియా నుంచి కూడా ఫోన్లు మొదలయ్యాయి. నేల ఉసిరి రసం పట్టించమని ఒకరు, ఉప్పూ కారం మాన్పించమని ఒకరు.

"మీరు ఏమేం మందులు వాడుతున్నారు?" అని ఆస్పత్రిలో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆవిడ ఒకే జవాబు చెప్పారు: "థైరాయిడ్ మాత్ర, అంతే." అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో పసుపు మందు కాదు. మంచం పక్కనే నిలబడ్డ నాకు కూడా, వేసుకోండి అని స్వయంగా చెప్పిన నాకు కూడా, అది గుర్తు రాలేదు.

నాలుగో రోజున ఆవిడ కళ్ళజోడు తెద్దామని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కాఫీ కలుపుతానన్న బావగారికి చక్కెర ఎక్కడుందో తెలియదు. వెతకడానికి వంటింటి అలమారు తలుపు తీస్తే పోపుల పెట్టె పక్కన సీసా. మందుల అరలో కాదు, ఆవాలూ జీలకర్రా పక్కన. తిప్పి చదివాను. ఒక్కో మాత్రలో పసుపు సారం 500 మిల్లీగ్రాములు, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లు, దానితో మిరియాల నుంచి తీసిన పైపరీన్ 5 మిల్లీగ్రాములు. రెండుతో మొదలుపెట్టారట. మోకాళ్ళు కొంచెం తేలికపడ్డాయని రోజుకి నాలుగు చేశారట.

ఇక్కడ కొంచెం లెక్క చెయ్యాలి. మనలో సగం మంది ఇంజనీర్లు కనుక విసుగు పుట్టదనుకుంటాను. మనం కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్, దాని దాయాదులు కలిసి సుమారు 3 శాతం ఉంటాయి. మనిషి ఒక్కింటికి రోజు మొత్తం మీద అర చెంచా పసుపు కడుపులోకి వెళ్ళిందనుకుందాం, అంటే ఒకటిన్నర గ్రాము. అందులో కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు. నిజానికి అంత కూడా వెయ్యం, వేస్తే పప్పు చేదెక్కుతుంది. ఒక మాత్రలో ఉన్నది 475 మిల్లీగ్రాములు. అంటే పది రోజుల వంట ఒక మాత్ర. అక్కయ్యగారు నలభై రోజుల వంటని ప్రతి రోజూ మింగారు.

అది సగం సంగతే. కర్క్యుమిన్ తిన్నా చాలా భాగం ఒంటికి పట్టదు. పేగు గోడలూ లివరూ కలిసి దానికి ఒక చక్కెర ఆమ్లాన్ని అతికించి బయటికి పంపేస్తాయి. పసుపు మనల్ని వేల ఏళ్ళుగా ఏమీ చెయ్యకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పైపరీన్ చేసే పని ఈ అతికింపుని అడ్డుకోవడం. బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వారు 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఆరోగ్యవంతులకి 2 గ్రాముల కర్క్యుమిన్ ఒకసారి విడిగా, ఇంకోసారి 20 మిల్లీగ్రాముల పైపరీన్‌తో కలిపి ఇచ్చి చూస్తే, కలిపి ఇచ్చినప్పుడు రక్తంలోకి చేరినది 20 రెట్లు ఎక్కువ. సీసాల మీద "2000 శాతం ఎక్కువ" అని పెద్ద అక్షరాలతో వేసుకునేది ఈ ఫలితాన్నే. అక్కయ్యగారి నాలుగు మాత్రలు కూడితే 1,900 మిల్లీగ్రాముల కర్క్యుమిన్, 20 మిల్లీగ్రాముల పైపరీన్. ఇంచుమించు ఆ ప్రయోగపు మోతాదే. వాళ్ళు ప్రయోగం కోసం ఇచ్చినది ఈవిడ దాదాపు మూడు నెలలు రోజూ తీసుకున్నారు.

మరి మిరియాల చారు సంగతి ఏమిటి, పాలల్లో మిరియాల పొడి సంగతి ఏమిటి అని అడుగుతారు. నిజమే, మన మిరియంలోనూ పైపరీన్ ఉంది. కాపలావాడు కాసేపు పక్కకి తప్పుకున్నా, గుమ్మం దగ్గర లోపలికి వచ్చేందుకు నిలబడినది చిటికెడు పసుపే. ఇక్కడ వచ్చి నిలబడినది ఒక ఊరేగింపు. పైగా పైపరీన్ ఒక్క పసుపుకే తలుపు తియ్యదు. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, గుండెకి వాడే ప్రొప్రనలాల్ వంటివి కూడా దానివల్ల రక్తంలో పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది.

ఇదంతా ఒక్క అక్కయ్యగారి దురదృష్టమా? కాదు. మందుల వల్ల లివరుకి కలిగే హానిని పరిశీలించడానికి ఈ దేశంలో జాతీయ ఆరోగ్య సంస్థల సహాయంతో కొన్ని ఆస్పత్రులు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాయి. వారు పసుపు మాత్రల వల్ల లివరు దెబ్బతిన్న 10 మంది వివరాలు ప్రచురించారు. అందరూ 2011 తరవాతివాళ్ళే. ఎనిమిది మంది ఆడవాళ్ళు. అయిదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు లివరు పూర్తిగా దెబ్బతిని చనిపోయారు. దొరికిన ఏడు సీసాల్లో మాత్రలు పరీక్షిస్తే ఏడింటిలోనూ పసుపు ఉంది, మూడింటిలో పైపరీన్ కూడా ఉంది. ఆ పదిమందిలో ఏడుగురికి ఎచ్.ఎల్.ఏ. బి 35:01 అనే ఒక జన్యు లక్షణం ఉంది. మామూలు జనంలో అది ఇంత ఎక్కువమందికి ఉండదు. గ్రీన్ టీ సారం మాత్రల వల్ల లివరు చెడినవాళ్ళలోనూ ఇదే లక్షణం ఎక్కువగా కనిపించింది. కనుక ఇది విషం తిన్నవాళ్ళందరికీ విషం ఎక్కినట్టు జరిగే వ్యవహారం కాదు. చాలామంది వేసుకుంటారు, ఏమీ కాదు. కొందరి శరీరం మాత్రం దాన్ని శత్రువని పొరబడి, ఆ పోట్లాటలో సొంత లివరునే దెబ్బ తీసుకుంటుంది. అక్కయ్యగారి పరీక్షలో ఆటో ఇమ్యూన్ జబ్బులా కనిపించడానికి కారణం ఇదే. ఆ కొందరిలో మనం ఉన్నామో లేమో మొదటి మాత్ర వేసుకునేటప్పుడు తెలిసే మార్గం లేదు.

ఇటలీలో కూడా 2019లో ఇలాంటి కేసులు వరసగా బయటపడి అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరిక జారీ చేసింది. 2024లో ఇక్కడ ప్రచురించిన ఒక అంచనా ప్రకారం, లివరుకి చెరుపు చెయ్యగల ఆరు రకాల మూలికా మాత్రల్లో ఏదో ఒకటి నెల రోజుల్లో వాడిన పెద్దవాళ్ళు ఈ దేశంలో కోటీ 56 లక్షల మంది. ఆరింటిలో ఎక్కువమంది వాడేది పసుపే. అశ్వగంధ కూడా ఆ ఆరింటిలో ఒకటి. మన ఇళ్ళల్లో ఆ సీసా కూడా ఉంటుందని నాకు తెలుసు.

"లివరుకి మంచివట" అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. సీసా మీద యాంటీ ఆక్సిడెంట్ అని ఉంటుంది. ఇనుము తుప్పు పట్టినట్టు శరీరం కూడా లోపల తుప్పు పడుతుంది, ఈ మాత్ర ఆ తుప్పుని వదిలిస్తుంది అని కథ. గాజు గొట్టంలో ఈ కథ చక్కగా నడుస్తుంది. మనిషిలో నడిపి చూసినప్పుడు వచ్చినవి వేరు. ఫిన్లండులో పొగతాగే మగవాళ్ళు 29,000 మందిని తీసుకుని కొందరికి బీటా కెరోటిన్ ఇస్తే, 1994లో తేలిన ఫలితం ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతం పెరగడం. ఈ దేశంలో 35,000 మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళకి ప్రోస్టేటు కాన్సరు తగ్గకపోగా పెరిగింది. 2011 లెక్క ప్రకారం ఏడేళ్ళలో వెయ్యికి 65 మందికి రావలసినది 76 మందికి వచ్చింది.

నాకు వీటన్నిటికంటె ఆశ్చర్యంగా తోచినది జర్మనీలో యేనా నగరం వాళ్ళు 2009లో ప్రచురించినది. కుర్రవాళ్ళ చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. వ్యాయామం చేస్తే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని మనకి తెలుసు, అలాగే చేసింది. కాని వ్యాయామంతో పాటు విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు వేసుకున్నవాళ్ళలో ఆ లాభం రాలేదు. కండరం పని చేసినప్పుడు పుట్టే ఆ "తుప్పు" కొంతవరకు శరీరానికి కబురు మోసే మనిషన్నమాట. కబురు చేరకుండా మనమే దారి మూసేస్తున్నాం. పొద్దున్నే చలిలో బూట్లు వేసుకుని నాలుగు మైళ్ళు నడిచి వచ్చి గుప్పెడు మాత్రలు మింగే మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవ ప్రార్థన.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. లివరులో కొవ్వు చేరి వాపు వచ్చిన, షుగరు లేని పెద్దవాళ్ళకి రోజుకి 800 యూనిట్ల విటమిన్ ఇ రెండేళ్ళకి దగ్గరగా ఇచ్చి చూసిన పరీక్ష 2010లో వచ్చింది. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 19 శాతానికి, విటమిన్ వేసుకున్నవాళ్ళలో 43 శాతానికి లివరు మెరుగైంది. కనుక కొందరికి అది నిజంగా మందే. మందు కనుకనే రిపోర్టులు చూసి, లాభనష్టాలు బేరీజు వేసి, డాక్టరు ఇవ్వాలి. కర్క్యుమిన్ వల్ల ఏ.ఎల్.టి. కాస్త తగ్గిందని చెప్పిన చిన్న చిన్న పరీక్షలు కూడా లేకపోలేదు. అంత బలమైనవి కావు. 2017లో కొందరు రసాయన శాస్త్రజ్ఞులు 120కి పైగా పరీక్షల్ని సమీక్షించి, పకడ్బందీగా చేసిన వాటిలో నెగ్గినది ఒక్కటీ లేదని రాశారు.

ఇంత రాయడానికి కారణం మనలో చాలామంది అల్ట్రాసౌండ్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్" అన్న మాట ఉండటమే. సన్నగానే కనిపిస్తాం, పొట్ట మాత్రం మనకంటె ఒక అడుగు ముందు నడుస్తుంది. తెల్లవాళ్ళ కంటె తక్కువ బరువులోనే మనకి షుగరూ, లివరులో కొవ్వూ వస్తాయి. ఆ మాట చూసి కంగారుపడి సీసా కొంటాం. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివరు వాపు తగ్గుతుందని గట్టి ఆధారం ఉంది. 80 కిలోలవాడు ఆరేడు కిలోలు తగ్గాలి. ఇది ఏ సీసాలోనూ దొరకదు కనుక ఎవరూ ప్రకటన వెయ్యరు. ఈ మధ్య, 2024లోను 2025లోను, ముదిరిన వాళ్ళకోసం అసలైన మందులు కూడా అనుమతి పొందాయి. కాఫీ తాగేవాళ్ళలో లివరు గట్టిపడటం తక్కువగా కనిపిస్తోందని చాలా పరిశీలనల్లో ఉంది. ఇది నేను ఫిల్టరు కాఫీ మీద మమకారం కొద్దీ చెబుతున్నది కాదు, కొద్దిగా మాత్రమే.

సీసా మీద ప్రభుత్వం ముద్ర ఉంటుంది కదా అనుకుంటే అదీ పొరపాటే. 1994లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లు అమ్మకానికి పెట్టే ముందు వాటి భద్రతని, గుణాన్ని ఎఫ్.డి.ఏ. ముందు రుజువు చెయ్యక్కరలేదు. ఏదైనా జరిగిన తరవాతే వాళ్ళు కలగజేసుకుంటారు. ఈ సరుకు ఏ జబ్బునీ నయం చెయ్యడానికి ఉద్దేశించినది కాదని సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వాళ్ళే రాస్తారు. ముందు వైపు అక్షరాలు మాత్రం నా కళ్ళజోడు లేకుండా కూడా కనిపిస్తాయి.

సీసా తీసుకుని తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. లివరు స్పెషలిస్టు లేబులు చదివి, "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని అక్కయ్యగారిని అడిగారు. నన్ను అడగవలసిన ప్రశ్న అది. వరసలో నిలబడి నేను అన్న మాట అక్కడే చెప్పాను. మాత్రలు ఆపేసి, స్టెరాయిడ్లు పెట్టకుండా నాలుగు రోజులు కనిపెట్టి చూశారు. ఏ.ఎల్.టి. సగానికి పడింది. ఆ తరవాత వారం వారం తగ్గుతూ వచ్చి, పదకొండు వారాలకి రిపోర్టు మామూలుగా వచ్చింది. ఇంకెప్పుడూ ఆ మాత్రల జోలికి వెళ్ళవద్దని, రెండోసారి అయితే ఇంత తేలికగా పోకపోవచ్చని ఆయన గట్టిగా చెప్పారు.

"మరి కూరల్లో కూడా మానెయ్యాలా?" అని అక్కయ్యగారి మొదటి సందేహం. వంటలో వేసుకునేది వేసుకోవచ్చన్నారు. అయినా భయపడి రెండు నెలలు తెల్లటి పప్పు, తెల్లటి పులిహోర చేశారు. ఏమీ అనకుండా తిన్నారు బావగారు. ఆయనని అన్నేళ్ళుగా ఎరిగిన నాకు అదే చెప్పింది ఆయన ఎంత భయపడ్డారో.

వాళ్ళ అబ్బాయి నాకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. తల్లి కోసం తెచ్చాడు, మంచిదనే తెచ్చాడు. అతనితో ఏమనాలో నాకు తోచలేదు, అతను డాక్టరు కాదు మరి. అక్కయ్యగారు మాత్రం నాతో "నువ్వు వద్దన్నా వేసుకునేదాన్నే తమ్ముడూ" అన్నారు. నన్ను ఊరడించడానికి అన్న మాట. వేసుకునేవారు కారు. వేసుకునేవారైతే పళ్ళెం పట్టుకుని నా వెనక నిలబడి అడిగేవారు కాదు.

ఎవరైనా ఇలాంటి మాత్రలు వాడుతూ ఉండి ఆకలి చచ్చిపోవడం, కారణం తెలియని దురద, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం వీటిలో ఏది కనిపించినా, మాత్ర వెంటనే ఆపి, సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు పసుపు మాత్రలు మొదలుపెట్టే ముందే అడగాలి. మందులేమిటని ఎవరు అడిగినా వంటింటి అలమారులో ఉన్నవి కూడా చెప్పండి.

వచ్చే నెల సమావేశం రోజున భోజనాలకి గంట ముందు నేను పక్క గదిలో కూర్చుంటాను. ఇంట్లో ఉన్న సీసాలన్నీ, విటమిన్లూ, మూలికలూ, ఇండియా నుంచి ఎవరో పంపిన లేహ్యాలూ, ఒక సంచిలో వేసి తీసుకురండి. ఒక్కొక్కటీ లేబులు కలిసి చదువుదాం. గంట సరిపోకపోతే భోజనాల తరవాత మళ్ళీ కూర్చుంటాను గాని, వరసలో మాత్రం అడగవద్దు. పులిహోర అక్కయ్యగారే చేస్తున్నారు, పసుపు వేసి.